గోధుమరంగు పేజీల స్పైరల్ స్క్రాప్‌బుక్: మా ఇంట్లో ఇది ఎలా పనికొచ్చిందంటే

గాజువాకలో పిల్లలకి నోటు పుస్తకాలు కొనే స్టేషనరీ షాపులోనే దొరికింది ఈ స్క్రాప్‌బుక్. ఏ4 సైజు, నల్లటి గట్టి అట్ట, లోపల 40 గోధుమరంగు షీట్లు, పక్కన ఇనుప స్పైరల్. ధర 320 రూపాయలు. దీనికి పెద్ద పేరున్న కంపెనీ ఏదీ లేదు. ఇలాంటివి ఏ ఊళ్ళోనైనా కాస్త పెద్ద స్టేషనరీ షాపులో ఉంటాయి, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. పిల్లలతో కలిసి ఇంటి సంగతులు అతికించి దాచుకోవాలనుకునేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఈ పుస్తకం గురించే. బొమ్మలూ స్టిక్కర్లూ నిండిన ఖరీదైన కిట్ల కంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా రాస్తాను. దీంట్లో లోపాలు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు మా ఇంటి పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఈ పుస్తకం మాకెందుకు ఇంత అవసరమైందో అర్థం కాదు. మా ఆయనది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేస్‌లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉండాలి కాబట్టి మనుషులు కూడా షిఫ్టులు మారుతూ ఉండాల్సిందే. బి షిఫ్టు వారంలో ఆయన మధ్యాహ్నం వెళ్ళేసరికి పిల్లలు స్కూల్లో ఉంటారు, రాత్రి వచ్చేసరికి నిద్రపోతారు. తెల్లారి హడావుడిలో స్కూలు బస్సు ఎక్కేలోపు మాట్లాడుకునేది ఎంత? మా పెద్దది నాలుగో తరగతి, చిన్నోడు యూకేజీ. వాడికి ఏదైనా జరిగితే వెంటనే చెప్పేయాలి. మర్నాటికి సగం మర్చిపోతాడు, ఎల్లుండికి పూర్తిగా మర్చిపోతాడు.

అందుకని మా స్క్రాప్‌బుక్ పుట్టినరోజుల ఆల్బమ్‌లా మొదలవ్వలేదు. నాన్న లేనప్పుడు ఇంట్లో ఏం జరిగిందో నాన్నకి చూపించడానికి మొదలైంది. పిల్లలు సాయంత్రం పేజీ తయారు చేసి డైనింగ్ టేబుల్ మీద తెరిచి పెడతారు. ఆయన రాత్రి వచ్చి, అన్నం తింటూ చదివి, కింద బాల్ పెన్‌తో రెండు ముక్కలు రాస్తారు. పొద్దున్నే లేవగానే చిన్నోడు ముందు పరిగెత్తేది ఆ టేబుల్ దగ్గరికే. చదవడం ఇంకా సరిగ్గా రాదు కాబట్టి అక్క చేత చదివించుకుంటాడు.

ఇప్పుడు పుస్తకం సంగతి. కొనేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం కాగితం మందం. కాగితం బరువుని జి.ఎస్.ఎమ్.లో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో. పిల్లల నోటు పుస్తకాల కాగితం సాధారణంగా 60 జి.ఎస్.ఎమ్. దగ్గర్లో ఉంటుంది. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 వరకు ఉంటుంది. ఈ పుస్తకం వెనక అట్ట మీద 160 అని ఉంది. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. స్కెచ్ పెన్ను అవతలి వైపుకి దిగదు, జిగురు రాసినా పేజీ మెత్తబడి ముడుచుకుపోదు, చిన్నోడు రబ్బరుతో గట్టిగా తుడిచినా చిరగదు. చార్టుల షాపుల్లో 'స్క్రాప్‌బుక్' అని తక్కువ ధరకి అమ్మే రంగురంగుల పుస్తకాలు కొన్ని ఉంటాయి. వాటి పేజీ వెలుతురుకి పెట్టి చూస్తే అవతలి వేళ్ళు కనిపిస్తాయి. స్కూలు ప్రాజెక్టుకి అవి చాలు. ఏళ్ళ తరబడి దాచుకోవడానికి మాత్రం తీసుకోకండి. మేం కొన్న షాపాయన 'పేజీ పట్టుకుని చూడండమ్మా, చూడకుండా ఏం కొంటారు' అని కవరు విప్పి ఇచ్చారు. ఆన్‌లైన్‌లో కొంటే ఆ వీలు లేదు, వివరాల్లో జి.ఎస్.ఎమ్. రాయకపోతే దాన్ని వదిలేయడమే మంచిది.

రెండోది స్పైరల్. ఇది చాలామంది పట్టించుకోరు కానీ అసలు ప్రాణం దీంట్లోనే ఉంది. ఆకు, గుడ్డముక్క, మడతపెట్టిన కాగితం, ఫోటో, ఇలా ఒక్కొక్కటీ అతికించేకొద్దీ పుస్తకం లావెక్కుతుంది. కుట్టిన బైండింగ్ పుస్తకమైతే సగానికి వచ్చేసరికి అట్ట మూయడం కుదరదు, వెన్ను దగ్గర పగులుతుంది. స్పైరల్‌కి ఆ బాధ తక్కువ. పైగా పేజీని పూర్తిగా వెనక్కి తిప్పి నేలమీద పరిస్తే చదునుగా ఉంటుంది. పిల్లలు పని చేసేది బల్ల మీద కాదు కదా, హాల్లో ఫ్యాన్ కింద బోర్లా పడుకుని చేస్తారు.

మూడోది రంగు. తెల్లకాగితం ముందు పెడితే మా పెద్దది భయపడేది. గీత వంకర పోతే పేజీ పాడైపోయిందని ఏడ్చేది. గోధుమరంగు పేజీ మీద తప్పు అంతగా కనిపించదు, పప్పు మరక పడినా కలిసిపోతుంది, జిగురు మచ్చలు కూడా కనిపించవు. ఫోటో అతికిస్తే దాని తెల్ల అంచు చక్కగా తేలుతుంది. అయితే ఈ రంగుతో ఒక ఇబ్బంది. పసుపు, లేత ఆకుపచ్చ, గులాబీ రంగు క్రేయాన్లు దీని మీద పడవు, చచ్చినట్టు కనిపిస్తాయి. నలుపు, ముదురు నీలం, తెల్ల జెల్ పెన్ బాగుంటాయి. రంగులు వేయాలంటే తెల్లకాగితం మీద వేసి, కత్తిరించి అతికించుకోవాలి. మా పిల్లలకి ఆ కత్తిరించడమే ఇష్టం కాబట్టి మాకు కలిసొచ్చింది.

గోధుమరంగు కాగితం గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. కాగితం చెక్క గుజ్జుతో తయారవుతుంది. ఆ గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటే, వెలుతురు, గాలి తగిలి కాలక్రమేణా కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది. పాత న్యూస్ పేపర్లు అలా అవడానికి కారణం అదే. బ్లీచ్ చేయని గోధుమరంగు కాగితంలో లిగ్నిన్ కొంత ఉంటుంది. 'యాసిడ్ ఫ్రీ', అంటే కాగితంలో ఆమ్లం లేదని, అట్ట మీద రాసి ఉంటే కొంత ధైర్యంగా ఉండొచ్చు, మా పుస్తకం మీద రాయలేదు. అందుకని మళ్ళీ దొరకని ఫోటో దేన్నీ నేరుగా ఈ పేజీ మీద అతికించనివ్వను. దాని కింద తెల్ల డ్రాయింగ్ షీట్ ముక్క ఒకటి వేసి, దానిమీద ఫోటో పెట్టిస్తాను. అదే అంచులా కూడా కనిపిస్తుంది. మా అత్తగారి పెళ్ళి ఫోటో లాంటి పాతవైతే అసలు ఫోటో బీరువాలోనే ఉంటుంది, దాన్ని స్కాన్ చేయించిన ప్రింటు పుస్తకంలోకి వెళ్తుంది.

జిగురు విషయానికొస్తే, అన్నిటికీ ఒకటే వాడకూడదు. సీసాలో వచ్చే తెల్ల జిగురులో నీళ్ళుంటాయి కాబట్టి పల్చటి కాగితానికి రాస్తే ముడతలు పడుతుంది. కానీ గుడ్డముక్క, ఊలు దారం, ఐస్‌క్రీం పుల్ల లాంటి వాటికి అదే దిక్కు. గ్లూ స్టిక్ చిన్నపిల్లల చేతికి సుఖం, బట్టలకి అంటినా ఉతికితే పోతుంది. అయితే మా విశాఖ గాలిలో తేమకి గ్లూ స్టిక్‌తో అంటించిన మూలలు కొన్నాళ్ళకి లేచిపోతాయి. ఫోటోలకి డబుల్ సైడ్ టేపు చాలా బాగుంది, నాలుగు మూలలా చిన్న ముక్కలు వేస్తే చాలు. మామూలు సెల్లో టేపు మాత్రం పైనుంచి వేయకండి. కొన్నేళ్ళకి అది పసుపెక్కి, ఊడిపోయి, జిడ్డు మచ్చ మిగులుస్తుంది. మా నాన్నగారి సర్టిఫికెట్ల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

టికెట్లు, బిల్లుల గురించి నా ఉద్యోగం వల్ల తెలిసిన సంగతి ఒకటి. నేను డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని. ఈసీజీ తీసినప్పుడు వచ్చే గళ్ళ కాగితం థర్మల్ కాగితం, దాంట్లో ఇంకు ఉండదు. కాగితం మీద పూసిన రసాయనం వేడికి నల్లబడి గీతలు వస్తాయి. అందుకే ప్రతి పేషెంటుకీ 'ఇంటికెళ్ళే ముందే ఒక జిరాక్స్ తీయించి పెట్టుకోండి' అని చెబుతాను. ఎందుకంటే ఎండ, వేడి, ప్లాస్టిక్ కవరు, చేతి నూనె తగిలితే అది మెల్లగా వెలిసిపోతుంది. ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లగా మాడిపోతుంది. సూపర్ మార్కెట్ బిల్లు, ఏటీఎం చీటీ, మిషన్‌లోంచి వచ్చే టికెట్లు చాలావరకు ఇదే జాతి. పిల్లలు వాటిని అతికించాలని ఆరాటపడతారు, అతికించుకోనివ్వండి. కాకపోతే ముందు జిరాక్స్ తీయించి, జిరాక్స్ కాపీని పేజీ మీద, అసలుదాన్ని మడతపెట్టి దాని వెనక పెట్టండి. గోరుతో గట్టిగా గీస్తే నల్లటి గీత పడిందా, అది థర్మల్ కాగితమే. మా చిన్నోడికి ఇప్పుడు అదో ఆట, ఏ బిల్లు చేతికొచ్చినా గోరుతో గీసి చూస్తాడు.

ఫోటోలు ఎక్కడ తీయించాలన్నది ఇంకో ప్రశ్న. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు ఉన్నవాళ్ళు దాంతో తీసుకోవచ్చు కానీ తడి చెయ్యి తగిలితే చాలా ఇంకులు అలుక్కుపోతాయి. స్టూడియోలో ల్యాబ్ ప్రింటు తీయిస్తే గట్టిగా ఉంటుంది. మేం ఫోన్‌లో కొలాజ్ పెట్టి ఒక 4×6 ప్రింటులో నాలుగు చిన్న ఫోటోలు వచ్చేలా చేసి, తీయించి కత్తిరించుకుంటాం. చిన్న ఫోటో వల్ల లాభమేమిటంటే పేజీలో రాయడానికి చోటు మిగులుతుంది. మా ఆడపడుచు ఇంట్లో ఇన్‌స్టాక్స్ మినీ కెమెరా ఉంది. నొక్కగానే ఫోటో బయటికి రావడం పిల్లలకి పండగే. బొమ్మ వచ్చే చోటు 62 మి.మీ. × 46 మి.మీ., పేజీకి సరిగ్గా సరిపోతుంది. ఫిల్ము ఖర్చు మాత్రం స్టూడియో ప్రింటు కంటే చాలా ఎక్కువ. ఒక జాగ్రత్త: ఆ ఫోటోని కత్తెరతో కత్తిరించకూడదు. లోపల రసాయనాల పేస్టు ఉంటుంది, కొత్తగా తీసిన ఫోటోలో అది చేతికి, కంటికి తగలడం మంచిది కాదు. పిల్లల చేతిలో కత్తెర ఉండే పని కాబట్టి ఇది గుర్తు పెట్టుకోండి.

ఇక ఈ పుస్తకంలో ఏముంది అన్న దానికి వస్తాను, నాకు ఎక్కువ చెప్పాలనున్నది ఇదే.

చిన్నోడు మొదటిసారి చపాతీ ఒత్తిన రోజు పేజీ ఒకటి ఉంది. అది గుండ్రంగా రాలేదు. అక్క దాన్ని కాల్చకముందే న్యూస్ పేపరు మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసింది. ఆ ఆకారం కత్తిరించి అతికించి, పక్కన 'ఇది శ్రీలంక. నేను తిన్నాను' అని వాడి చేత రాయించింది. వాడి 'క' ఇంకా తలకట్టు లేకుండానే ఉంది. కింద మా ఆయన రాసింది: 'శ్రీలంక అయిపోయింది సరే, రేపు నాకు ఆస్ట్రేలియా ఒత్తి పెట్టు.' మర్నాడు నిజంగానే ఇద్దరూ అట్లాసు ముందు పెట్టుకుని పిండితో కూర్చున్నారు. ఆ రోజు పేజీలో దేశాల పటాలున్నాయి, ఆస్ట్రేలియా పక్కన నూనె మరక ఉంది.

ధనుర్మాసంలో పెద్దది మా మామ్మగారి దగ్గర ముగ్గులు నేర్చుకుంది. నేలమీద వేసిన ముగ్గు సాయంత్రానికి ఉండదు కదా. అందుకని పేజీ మీద చుక్కలు పెట్టి, పక్కన '15 చుక్కలు, సందు చుక్క 8 వరకు' అని మామ్మ చెప్పినట్టే రాసుకుంది. నల్ల పేజీ మీదో గోధుమ పేజీ మీదో తెల్ల జెల్ పెన్‌తో ముగ్గు వేస్తే ఎంత అందంగా ఉంటుందో ఒకసారి చూడాలి. ఆ పేజీల కింద మామ్మ చేత కూడా సంతకం పెట్టించింది. మామ్మ సంతకం చేయడం బ్యాంకులో తప్ప నేనెప్పుడూ చూడలేదు.

బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చిన పేజీ వాళ్ళిద్దరూ పూర్తిగా సొంతంగా చేశారు. 1969లో నేవీలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి అది. ఈ సంవత్సరాలు అక్కడి బోర్డు చూసి పెద్దది రాసుకొచ్చింది. కానీ చిన్నోడికి నచ్చింది లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరే గుండ్రటి ద్వారం. వాడు టిఫిన్ ప్లేటు బోర్లించి దాని చుట్టూ గీత గీసి, లోపల వంగి నడుస్తున్న నాన్నని వేశాడు. నాన్న తలకి దెబ్బ తగిలినట్టు నక్షత్రాలు కూడా పెట్టాడు. ఆ రోజు మేం తీసుకున్న ఫోటోలు ఫోన్‌లో చాలానే ఉన్నాయి. ద్వారం మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు, వాడి బొమ్మలోనే ఉంది.

ఇంకా చిన్నవి చాలా ఉన్నాయి. కరెంటు పోయిన రాత్రి గోడ మీద చేతులతో వేసిన నీడల పేర్లు. పెద్దది బెండకాయ తినను అని రాసిన ఉత్తరం, దాని కింద బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దిన పూలు. స్కూలు యూనిఫాం పొట్టిదైపోతే దాని అంచు నుంచి తీసిన గుడ్డముక్క, పక్కన ఆ రోజు ఎత్తు సెంటీమీటర్లలో. ఊడిన పాలపన్నుని ఇంటి కప్పు మీదికి విసిరిన తర్వాత చిన్నోడు వేసుకున్న తన నోటి బొమ్మ. మేడ మీద కాగితం పూలు, అదే బోగన్‌విలియా, రాలిన ప్రతిసారీ తెచ్చి అతికించినవి. ఆ పూలు పల్చగా ఉంటాయి కాబట్టి న్యూస్ పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెడితే చక్కగా ఎండి రంగు నిలుస్తుంది. మల్లెపూలు పనికిరావు, మందంగా ఉండటం వల్ల గోధుమరంగుకి తిరిగిపోతాయి. ఏ పువ్వైనా, ఆకైనా బాగా ఎండకుండా పుస్తకంలో పెడితే బూజు పడుతుంది, పక్క పేజీలకి కూడా పాకుతుంది.

ఇలాంటివి అతికించడానికి ఏ కిట్‌లోనూ చోటు లేదు. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒక స్క్రాప్‌బుక్ కిట్ పంపాడు, ధర దీనికి మూడింతల పైమాటే. రంగులు, స్టిక్కర్లు, రిబ్బన్లు బాగానే ఉన్నాయి. కానీ ప్రతి పేజీ మీదా ముందే శీర్షికలు అచ్చేసి ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో: పుట్టినరోజు, మొదటి ట్రిప్పు, బెస్ట్ ఫ్రెండ్, సూపర్ డే. ఫోటోకి గళ్ళు కూడా వాళ్ళే గీసి పెట్టారు. పిల్లలు రెండు సాయంత్రాలు స్టిక్కర్లన్నీ అంటించేశారు, తర్వాత దాని వైపు చూడలేదు. మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. కారణం నాకు స్పష్టంగా కనిపించింది. కిట్‌లో ముందు శీర్షిక ఉంటుంది, దానికి తగ్గ సంఘటన మనం వెతకాలి. మంగళవారం సాయంత్రం చపాతీ వంకరగా వస్తే దాన్ని ఏ శీర్షిక కింద పెట్టాలి? ఖాళీ పేజీకి ఆ పేచీ లేదు. ఏం జరిగితే అదే శీర్షిక అవుతుంది, అదీ పిల్లల మాటల్లో, తెలుగులో. మా పెద్దది ఇంగ్లీషు మీడియం. వ్యాసం రాయమంటే తెలుగులో పెన్ను కదలదు. ఈ పుస్తకంలో మాత్రం నాన్నకి చెబుతున్నాననే ధ్యాసతో పేజీలకి పేజీలు తెలుగులోనే రాసేస్తోంది. వత్తులు తప్పులుంటే ఉండనీ అని నేను దిద్దను.

ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లు, జిగురు పేజీ మీద పారదర్శకమైన షీటు ఉండే ఆల్బమ్‌లు కూడా కొందరు వాడతారు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉండేవాళ్ళు వాటి గురించి ఆలోచించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అమ్మవాళ్ళ ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి బీరువా మొత్తం తడిసింది. నా చిన్నప్పటి ఫోటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నాయి, అవి షీటుకి అతుక్కుపోయి ముఖాలు చిరిగి వచ్చాయి. మా తాతగారి కాలం నాటి నల్ల పేజీల ఆల్బమ్ కూడా తడిసింది. అందులో ఫోటోలు మూలల స్టిక్కర్లలో దూర్చి, పేజీకి పేజీకి మధ్య బటర్ పేపరు ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా తీసి, మంచినీళ్ళలో కడిగి, బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద ఆరబెడితే చాలావరకు బతికాయి. అందుకే ఈ పుస్తకంలో కూడా ఫోటోలు ఎదురెదురుగా ఉన్న పేజీల మధ్య బటర్ పేపరు ముక్క పెడుతున్నాను. పేపరు కట్ట షాపులో దొరుకుతుంది, ఖర్చేమీ కాదు.

లోపాల్లో అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది స్పైరల్ తుప్పు. మాది ఉప్పుగాలి ఊరు, తీగ కత్తిరించిన చివర్లలో తుప్పు మచ్చలు మొదలయ్యాయి. నెయిల్ పాలిష్ రంగులేనిది రాస్తే ఆగింది. తయారుచేసేవాళ్ళు ఆ రెండు చివర్లకీ ప్లాస్టిక్ తొడుగు వేస్తే పోయేదానికి ఇంత నిర్లక్ష్యం ఎందుకో. రెండోది, స్పైరల్ రంధ్రాల దగ్గర షీటు చిరుగుతుంది. చిన్నపిల్లలు పేజీని మూల పట్టుకుని కాక మధ్యలో పట్టుకుని లాగి తిప్పుతారు. తెల్ల కాగితపు రింగు స్టిక్కర్లు అమ్ముతారు, ఫైళ్ళలో వాడేవి, అవి వేస్తే నిలుస్తుంది. మూడోది, లోపల ఒక్క తెల్ల షీటు కూడా ఇవ్వరు. 40లో 10 తెల్లవి ఇస్తే పిల్లలు రంగులు నేరుగా వేసుకునేవాళ్ళు.

బరువు ఎక్కువే. నిండాక చిన్నోడు మోయలేడు, ఒళ్ళో పెట్టుకుని చూడాల్సిందే. దీన్ని నిలబెట్టి ఉంచితే అతికించినవి జారతాయి, పడుకోబెట్టి ఉంచండి, పైన ఇంకేం పెట్టకండి. బాత్‌రూం గోడకి ఆనుకున్న అల్మరాలో వద్దు. మేం సిలికా జెల్ ప్యాకెట్లు, చెప్పుల డబ్బాల్లో వస్తాయే అవి, అట్ట పక్కన పెడతాం. చిన్నపిల్లలున్న ఇంట్లో అవి చేతికి అందకుండా చూసుకోవాలి.

అతికించనివి కూడా కొన్నున్నాయి. ఆధార్ కాపీలు, స్కూలు ఐడీ కార్డులు, నా సెంటర్ రిపోర్టులు, బోర్డింగ్ పాసులు. పుస్తకం చుట్టాలందరి చేతుల్లోకీ వెళ్తుంది, ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టేస్తారు. అలాగే పిల్లలు ఏడ్చిన రోజు పేజీ వాళ్ళు పెట్టమంటేనే ఉంటుంది. పెద్దది ఒకసారి స్నేహితురాలితో గొడవ పడి రాసుకున్న పేజీని మడిచి, పైన 'నాన్న ఒక్కడికే' అని రాసి కవర్లో పెట్టి అతికించింది. ఆ కవరు నేను తెరవలేదు. మా ఆయన చదివి, జవాబు కూడా అందులోనే పెట్టి మూసేశారు.

ఏ వయసుకి అంటే, మూడేళ్ళ లోపు పిల్లలకి పేజీలు చింపడమే ఆట, అప్పుడు తల్లిదండ్రులే చేసుకోవాలి. నాలుగైదేళ్ళ నుంచి మొద్దు కొనల కత్తెర, గ్లూ స్టిక్ ఇస్తే సొంతంగా చేస్తారు. పన్నెండు దాటిన పిల్లలకి మాత్రం ఇంకో పుస్తకం విడిగా కొనివ్వండి, తమ్ముళ్ళతో పేజీ పంచుకోవడం వాళ్ళకి ఇష్టముండదు. మా అక్క కొడుకు అలాగే తనదాన్ని క్రికెట్ స్కోర్లతో నింపుకున్నాడు, ప్రతి గల్లీ మ్యాచ్‌కీ ఎవరెంత కొట్టారో రాసి పెట్టాడు. దాన్ని చూస్తే వాళ్ళ వీధి మొత్తం తెలుస్తుంది.

మొత్తం ఖర్చు చెప్పాలంటే, పుస్తకం 320, డబుల్ సైడ్ టేపు, గ్లూ స్టిక్, తెల్ల జెల్ పెన్, బటర్ పేపరు కలిపి ఇంకో 200 లోపే. ఫోటో ప్రింట్లు మీరు తీయించుకున్నన్ని. నేను ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను, తగ్గించిన ఒక్క మార్కూ ఆ తుప్పు తీగకి. రెండో పుస్తకం కూడా ఇదే కొన్నాం. అదే షాపులో ఇప్పుడు 20 షీట్ల చిన్నది 180కి వస్తోంది, ఇంట్లో పిల్లలు ఐదేళ్ళలోపు వాళ్ళయితే ముందు అది తీసుకుని చూడండి.